ప్రార్థనాంశం: ఫ్రాన్సిస్ ఉద్యోగం

ఆ మంగళవారం నంద్యాల సంజీవనగర్‌లో ఫ్రాన్సిస్ పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదికి ఉగ్గాని తినడం, తొమ్మిదికి గడ్డం గీసుకోవడం, పదకొండుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, బెంగళూరులో ఉన్న తన కంపెనీవాళ్లు అడిగిన ఒక్క ప్రశ్నకు పది నిమిషాల్లో జవాబు చెప్పడం. మొదటి రెండింటికీ ఏ లోటూ రాలేదు.

ఆ ప్రశ్న ఏమిటంటే, "ఏఐ చేయలేనిది, మీరు మాత్రమే చేయగలిగినది ఏమిటి?"

ఇరవై రెండేళ్లు ఒకే చోట సాఫ్ట్‌వేర్ రాసి, జుట్టు సగం ఊడి, మిగతా సగం నెరిసిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? పెళ్లిళ్లకు వండే పెద్దాయన్ని పిలిచి, "గ్యాసు పొయ్యి చేయలేనిది నువ్వేం చేస్తావయ్యా?" అని అడిగినట్టు లేదూ?

ఆ కంపెనీ లారీ కాటాలకు ప్రోగ్రాములు రాస్తుంది. లారీ ఖాళీగా ఎక్కితే ఎంత, సరుకుతో ఎక్కితే ఎంత, తేడా కట్టి చీటీ కొట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. కాని కాటా మీద ఆంబోతు పడుకుంటే ఏం చేయాలి, వానకు పళ్లెం కింద నీళ్లు చేరితే ఏం చేయాలి, డ్రైవరు లోపలే నిద్రపోయి అతని గురక అదురుకు అంకె నిలవకపోతే ఏం చేయాలి, ఇవన్నీ ఏసీ గదిలో పుట్టిన తెలివితేటలు కావు. పగిడ్యాలలో ఒకసారి ఒక ఎనుము కాటా మీదే ఈనింది. ఎక్కింది ఒకటి, ఉన్నది రెండు, బరువు మాత్రం గ్రాము కూడా మారలేదు. ఏ చీటీ కొట్టాలో తేలక ప్రోగ్రాము పొద్దుగూకేదాకా గుడ్లు మిటకరించింది. ఫ్రాన్సిస్ ఆ ఎండలో గొడుగేసుకుని నిలబడి, దూడకు వేరే చీటీ వచ్చేట్టు దిద్దాకే ఎనుము అక్కడి నుంచి లేచిందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి పని ఇప్పుడు 'నిపుణ' చేస్తోంది. నిపుణ అంటే మనిషి కాదు, కంపెనీ కొత్తగా తెచ్చిపెట్టుకున్న ఏఐ. ఫ్రాన్సిస్ వారం రోజులు రాసేదాన్ని అది టీ చల్లారేలోపు రాసి పారేసి, కింద "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడుగుతుంది. రాయడానికి కంటే ఆ అడగడానికే అతనికి ఒళ్లు మండేది. తనలాంటి సీనియర్లు కంపెనీలో ఆరుగురు. ముగ్గురే మిగులుతారని, ఎవరు మిగలాలో ఈ పది నిమిషాలు తేలుస్తాయని పై అధికారి మనోజ్ చెప్పాడు. మనోజ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. ఫ్రాన్సిస్ మొదటి ప్రోగ్రాము రాసిననాడు ఆ అబ్బాయి రెండో తరగతిలో పలక తుడుచుకుంటున్నాడు. నలభై ఏడేళ్ల వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకో కంపెనీవాడు వాకిట్లోకి కూడా రానివ్వడని ఫ్రాన్సిస్‌కు తెలుసు. కోపమైతే గుండె నిండా ఉంది గాని, జవాబే ఇంకా దొరకలేదు.

తొమ్మిది దాటాక వీధిలో ఆటో మీద మైకు తిరిగింది. లైన్లు బాగుచేస్తున్నందున పది నుంచి రెండు దాకా కరెంటు ఉండదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్రాణం ఎప్పుడో పోయింది. ఆళ్లగడ్డలో మామగారింట్లో ఇన్వర్టరు ఉంది, వైఫై ఉంది. బైకు మీద గంట దారి.

"ఆళ్లగడ్డకు పోతాండా. ఈ ఉద్యోగం సంగతి మాత్రం మీ అమ్మకు చెప్పాకు," అన్నాడు భార్యతో, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"నేనేంటికి చెప్తానయ్యా?" అంది సుబ్బలక్ష్మి, కాస్త ఎక్కువ తొందరగా. ఎందుకంటే పొద్దున ఆరింటికే చెప్పేసింది.

అయితే ఆమె కబురుగా చెప్పలేదు. ప్రార్థనాంశంగా చెప్పింది. వాళ్ల చర్చి సంఘంలో ఈ రెండింటికీ చాలా దూరం. ఫలానావాళ్ల ఇంట్లో ఫలానాది జరిగిందని నోటితో అంటే అది చాడీ, పాపం. అదే సంగతిని "దయచేసి ప్రార్థించండి" అని చివర కలిపి అంటే అది భక్తి. సుబ్బలక్ష్మి తల్లి జీవమ్మ ఆళ్లగడ్డ స్త్రీల మైత్రి కూటానికి పెద్ద. ఆమె ఫోనులోని వాట్సాప్ గుంపులోకి ఒక అంశం వెళ్లిందంటే, ప్రతి స్త్రీ దాన్ని చదివి, ప్రార్థించి, ఇంకొకరికి అందించాలి. అందించేటప్పుడు దేవుడికి విషయం బాగా అర్థం కావాలని ఎవరికి తోచింది వాళ్లు ఒక ముక్క కలుపుతారు.

ఆరుంబావుకు జీవమ్మ పెట్టినది ఇది: "మా అల్లునికి ఈ దినం ఆఫీసులో పరీక్ష. ఉద్యోగం నిలవాలని ప్రార్థించండి." ఏడింటికి అది "ఉద్యోగం నిలిచేట్టు లేదు" అయింది. ఏడున్నరకు "పోయింది" అయింది. ఎనిమిదింటికి, ఫ్రాన్సిస్ రెండో ప్లేటు ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ నంజుకుంటున్న సమయానికి, "మూడు దినాలాయ అన్నం ముట్టక" అని తిరుగుతోంది. తొమ్మిదింబావుకు ఎదురింటామె కిటికీలోంచి బైకును చూసి చివరి మెరుగు పెట్టింది: "బ్యాగు తీసుకుని ఇల్లు విడిచి పోయినాడు. ఎవరికి కనబడినా ఒంటరిగా వదలొద్దు. దయచేసి ప్రార్థించండి."

శిరివెళ్ల చేరేసరికి రోడ్డుకు అడ్డంగా చేతులు చాచి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ప్రభుదాసు. అక్కడ శనగల గోడౌను కాటా నడిపేవాడు, ఫ్రాన్సిస్‌కు పదేళ్లుగా ఎరుక.

"దిగన్నా. టీ తాగుదువు."

"టీకి టైం లేదప్పా. పదకొండుకు మీటింగుంది."

"ఉంటాదిలే. దిగు." అంటూనే ప్రభుదాసు బైకు తాళం లాగి జేబులో వేసుకున్నాడు. "బతుకన్నాక ఇట్లాంటివి వస్తాంటాయి, పోతాంటాయి."

"ఎట్లాంటివి?"

"అదేలే. దాని పేరు మనమెందుకు ఎత్తుకోవాల."

"ఏందప్పా నువ్వు చెప్పేది? నా ఉద్యోగం పోయిందనా? పోలేదు!"

"అట్లనే అనుకో అన్నా," అన్నాడు ప్రభుదాసు మెత్తగా. "కొన్నాళ్లు అట్లనే అనుకో. మా బావ గూడా మొదట అట్లనే అనుకుండె."

టీకొట్టు దగ్గర కూర్చున్న నలుగురూ గ్లాసులు దించి జాలిగా నాలుకలు చప్పరించారు. ఫ్రాన్సిస్‌కు కళ్లు ఎర్రబడ్డాయి. అందులో ఒక ముసలాయన, "ఏడ్సినాడు పాపం," అన్నాడు.

"ఏడ్సలేదు తాతా! కోపం!"

"కోపం గూడా వస్తాదిలే నాయనా. ఆకలి మీద ఉండావు గదా."

ముసలాయన మాట పూర్తికాకముందే రెండు అరటిపండ్లు చేతిలోకి వచ్చాయి. ప్రభుదాసు దగ్గరికి జరిగి అసలు సంగతి బయటపెట్టాడు. "మా సేటు ఇంకో కాటా పెడతాండు. దాని కాడ కుర్చీకి మనిషి కావాల. ఏం లేదన్నా, శానా సులువు. లారీ ఎక్కినాక పచ్చ బటను నొక్కేది, చీటీ చించేది. పది దినాల్లో నేర్చుకుంటావు. నేను నేర్పిస్తా."

ఆ పచ్చ బటను పెట్టిందే ఫ్రాన్సిస్. అది పచ్చగా ఉండాలా, నీలంగా ఉండాలా అని వారం రోజులు ఆలోచించిందీ అతనే. తాళం ఇవ్వమని ఎంత అరిచినా ప్రభుదాసు ఇవ్వలేదు. చివరికి తానే బైకు నడిపి దిగబెడతానని, మెసేజీలో ఒంటరిగా వదలొద్దని స్పష్టంగా ఉందని, కాటాను క్లీనరుకు అప్పగించి హ్యాండిలు పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దాకా వెనక కూర్చున్న ఫ్రాన్సిస్ జారిపోకుండా ఒక చేత్తో అతని మోకాలు గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

మామగారి ఇంటి ముందు చెప్పులు చూసి ఫ్రాన్సిస్ అది చెప్పుల దుకాణమేమో అనుకున్నాడు. లోపల హాల్లో నలభై మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. మధ్యలో జీవమ్మ. మూలన అరటిగెలలు. మామ మత్తయి, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు, తన ఇంట్లో తనకే చోటు లేక వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అల్లుడా, వచ్చినావా నాయనా! తిన్నావా?" అంది అత్త.

"తిన్నా అత్తా! రెండు ప్లేట్లు తిన్నా! నా ఉద్యోగం పోలేదు! పదకొండుకు మీటింగు ఉండాది. మీరంతా పోతే నేను మాట్లాడుకుంటా!"

జీవమ్మ ఆడవాళ్లకేసి తిరిగి, "సూసినారా, ఎంత మనోవేదనో," అంది. అందరూ కొంగులు అందుకున్నారు.

ఇన్వర్టరు కలిపిన ప్లగ్గు ఒక్క హాల్లోనే ఉంది. గడియారం పది నిమిషాలు తక్కువ పదకొండు. ఇక చేసేదేమీ లేక ఫ్రాన్సిస్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, మీటింగులోకి వెళ్లి చూశాడు. మనోజ్ ఇంకా రాలేదు. నిపుణ ఒక్కటే ముందుగా వచ్చి కూర్చుంది. మీటింగులో ఎవరేం మాట్లాడినా రాసుకోవడం, నిర్ణయాలు జరిగితే వెంటనే అమలు చేయడం దాని పని. దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో కనబడటం ఇష్టం లేక ఫ్రాన్సిస్, "దీన్నెవరూ ముట్టుకోవాకండి," అని చెప్పి మామ చొక్కా కోసం లోపలికి పోయాడు. చొక్కా దొరికింది గాని బొత్తాలు లేవు. బొత్తాలున్న చొక్కా వెతకడానికి ఆరు నిమిషాలు పట్టింది.

ఆ ఆరు నిమిషాల్లో జీవమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మనిషి కోసం పొద్దున్నుంచీ ప్రార్థిస్తూనే ఉన్నారు. ఆ పొట్ట కొట్టిన యంత్రం ఎదురుగానే ఉంది. దాని మనసు మార్చమని ఎందుకు అడగకూడదు? నలభై మంది లేచి బల్ల చుట్టూ చేరారు. అందినవాళ్లు ల్యాప్‌టాప్ మీద చేతులు పెట్టారు, అందనివాళ్లు ముందున్నవాళ్ల భుజం మీద పెట్టారు. ప్రభుదాసు కూడా పెట్టాడు.

"తండ్రీ, మా ఫ్రాన్సిస్ ఉద్యోగం పోయింది తండ్రీ," అని జీవమ్మ ఎత్తుకుంది.

"ఆమేన్," అన్నారందరూ.

"ఇంగ ఆ కంపెనీకి ఈ బిడ్డకు ఏ సంబంధమూ లేకపాయ తండ్రీ. ఆలుబిడ్డల్ని నువ్వే సాకాల తండ్రీ."

"ఆమేన్!"

ఫ్రాన్సిస్ బొత్తాలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి, తెర మీద నిపుణ శ్రద్ధగా రాసి పెట్టిన కాగితం కనబడుతోంది.

"సమావేశ నిర్ణయాలు. ఒకటి: ఫ్రాన్సిస్ గారి ఉద్యోగం ముగిసింది. హాజరైన నలభై రెండు మంది రెండుసార్లు ఏకగ్రీవంగా ఆమోదించారు. రెండు: ఆయనకు, కంపెనీకి ఇకపై సంబంధం లేదు. ఆయన పేరు మీద ఉన్న లాగిన్ ప్రవేశాలన్నీ మూసివేయబడ్డాయి. మూడు: కుటుంబ పోషణ. బాధ్యులు: తండ్రి. ఈమెయిలు దొరకలేదు. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఆ వెంటనే తెర నల్లబడి, మీకు ఇక్కడ ప్రవేశం లేదు అన్న ముక్క ఒక్కటి మిగిలింది.

ఫ్రాన్సిస్ కేకకు ఇల్లు అదిరింది. "అత్తా! పొద్దున్నుంచి పోని ఉద్యోగాన్ని పోయింది పోయిందని, ఉండే ఉద్యోగాన్ని నిజంగా పోగొట్టినారు గదా! ఈ నిపుణమ్మ సూడబోతే నీకన్నా ఘోరం! నువ్వన్నా దేవునికే చెప్తివి. ఇది కంపెనీకి చెప్పె!"

"మేమేం చేస్తిమి నాయనా? ఉండేదే చెప్తిమి," అంది జీవమ్మ, నొచ్చుకుని.

అప్పుడే ప్రభుదాసు ఫోను మోగింది. శిరివెళ్ల నుంచి క్లీనరు. "అన్నా, కాటా సున్నా సూపిస్తాంది. లారీ ఎక్కినా సున్నానే, దిగినా సున్నానే. నేనెక్కి ఎగిరినా సున్నానే." ఆ ఫోను పెట్టకముందే ఫ్రాన్సిస్ ఫోను మోగింది. మిడుతూరు. తర్వాత పగిడ్యాల. తర్వాత వరసపెట్టి ఊళ్లన్నీ. కొలిమిగుండ్లలో సిమెంటు లారీలు నిలిచిపోయి, వరుస తోక ఎక్కడుందో చూసిరమ్మని పంపిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదట. మొత్తం రెండు వందల పద్నాలుగు కాటాలు ఒక్కసారిగా బరువన్నదే ఎరగనట్టు సున్నా పెట్టుకుని కూర్చున్నాయి.

పదకొండున్నరకు మనోజ్ ఫోను చేశాడు.

"సార్, ఎక్కడున్నారు? కాటాలన్నీ ఆగిపోయాయి సార్! నిపుణను అడిగితే అంతా సక్రమంగానే ఉంది, ప్రస్తుతం ఏ కాటా మీదా బరువు లేదు అంటోంది!"

ఫ్రాన్సిస్ ఫోనును బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఎందుకు ఆగిపోయాయో అతనికి తెలుసు. ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు.

"నా పేరు మీద మూసిన ప్రవేశాలన్నీ తెరువప్పా. అన్నీ లేస్తాయి," అన్నాడు.

అవతల టకటక చప్పుడు. అరనిమిషం. ప్రభుదాసు ఫోనులోంచి క్లీనరు కేక వినబడింది: "వచ్చెనన్నా! అరవై మూడు కేజీలు! నాదే!"

హాలంతా "స్తోత్రం!" అని మోగింది. ఫోనులో మనోజ్ గొంతు మారిపోయింది. "సార్… మీరు లేకపోతే రెండు వందల పద్నాలుగు కాటాలూ నిలబడవా! మీరే ఆధారంగా మొత్తం కట్టారా సార్? ఎంత దూరాలోచన! ఇంక మీరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు సార్. కాటాలే చెప్పాయి."

ఫ్రాన్సిస్ నోరు తెరిచాడు. గుమ్మంలో నుంచి మత్తయి మేష్టారు, ముప్పై ఏళ్లు పిల్లలకు నిజం చెప్పమని బెత్తంతో నేర్పిన మనిషి, రెండు చేతులూ ఊపుతూ, "ఊ అను నాయనా, ఊ అనేయ్!" అని సైగ చేస్తున్నాడు. ఒక్క ఊ అంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, పరువు ఉంటుంది, ఇంకో పదేళ్లు ఎవడూ అడగడు.

కాని పొద్దున్నుంచి అతని గురించి ఊరూవాడా చెప్పినదంతా అబద్ధమే. అన్నం తినలేదన్నారు, ఇల్లు విడిచిపోయాడన్నారు, ఏడ్చాడన్నారు. ఇప్పుడు ఈ కుర్రాడు దూరాలోచన అంటున్నాడు. ఫ్రాన్సిస్ కోపం అంచు దాటింది.

"దూరాలోచనా లేదు, నా బొందా లేదు! పొద్దున్నుంచి నా గురించి ఒక్కరన్నా నిజం చెప్పినార్రా? విను, నేను చెప్తా. పన్నెండేండ్ల కింద మిడుతూరు కాటా పెట్టేటప్పుడు బస్సుకు టైమయితాందని, కంపెనీ పేరు పెట్టాల్సిన చోట నా పేరు, నా పాస్‌వర్డు పెట్టి నడిపిస్తి. రేపొచ్చి మారుద్దాంలే అనుకుంటి. ఆ రేపు ఇంకా రాలేదు. తర్వాత పాతా కొత్తా ప్రతి కాటాకూ మిడుతూరుదే కాపీ కొడితిమి. అదీ సంగతి! అది తెలివి కాదు, బద్దకం!"

మేష్టారు తల పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. జీవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోనులో మనోజ్ గొంతు బాగా తగ్గించాడు.

"సార్… ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉండాయా అంటే?" ఫ్రాన్సిస్ ఇంకా కోపంలోనే ఉన్నాడు. "ఒకటా, రెండా! కోవెలకుంట్ల కాటాకు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది వస్తే చీటీ రాదు, ఆ దినం సెలవియ్యమని సేటుకు చెప్పి పెట్టినా. ఇంకోచోట బరువు లక్ష దాటితే మళ్లా ఒకటి నుంచి లెక్కబెడతాది. లక్ష మోసే లారీ ఆ ఊరికి రాదులే అని వదిలేస్తి. పగిడ్యాలలో దూడ చీటీ ఉండాది, దాన్ని తీస్తే జమాఖర్చు మొత్తం కూలతాది, ఎందుకో నేను గూడా మర్చిపోతి!"

అవతల మనోజ్ రాసుకుంటున్నాడు. "సార్, నిపుణకు ఆరు నెలల్నుంచి మన ప్రోగ్రాములన్నీ చదివిస్తున్నాం. ఇందులో ఒక్కటీ చెప్పలేదు సార్. చాలా చక్కగా రాశారు అని మెచ్చుకుంది."

"మెచ్చుకోక ఏం చేస్తాది? అది ఆ ఎండలో నిలబడిండెనా? ఆ బస్సుకు పరిగెత్తిండెనా?"

"నిజమే సార్," అన్నాడు మనోజ్. "రాసింది దానికి తెలుస్తుంది. ఎందుకట్లా రాశారో రాసినవాళ్లకే తెలుస్తుంది. మీరు రేపు రావాలి సార్. మీరు ఎక్కడెక్కడ ఏమేం చేశారో కూర్చుని నాకు చెప్పాలి. దయచేసి సార్."

వారం తిరక్కుండా ఆరుగురు సీనియర్లకూ కంపెనీ నుంచి ఒకే ఉత్తరం వెళ్లింది. పాత ప్రశ్న కొట్టేసి, తమ తమ ప్రోగ్రాముల్లో తాము చేసి దాచిన తప్పులన్నీ రాసి పంపమన్నారు. ఫ్రాన్సిస్ మూడు రోజులు కూర్చుని నలభై పేజీలు నింపాడు. అతని ఉద్యోగం నిలిచింది, జీతమూ కొంచెం పెరిగింది. ఇంకొకాయన అరవై పేజీలు రాసి, ఫ్రాన్సిస్ పైన అధికారి అయ్యాడు.

ఆరుగురిలోకీ మహా మేధావి అని పేరున్న ఒక్క పెద్దమనిషి మాత్రం, పాతికేళ్లలో తాను ఒక్క తప్పూ చేయలేదని ఒకే వాక్యం రాసి పంపాడు. ఆయన కుర్చీని నిపుణకు ఇచ్చారు.